తాతగారి తుపాకి తర్వాత ఎవరిది?

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి పాఠం)



తరతరాల నుంచి యింట్లో వస్తున్న వస్తువులంటే మనకు ముందు గుర్తుకొచ్చేవి ఏవి? అత్తగారి కాసులపేరు, అమ్మమ్మగారి ఇత్తడి గంగాళం, తాతగారి పడక్కుర్చీ, ఏనాటిదో కొయ్య భోషాణం. వీటిని పంచుకునేటప్పుడు కాసిని అలకలూ, కాసిని కన్నీళ్లూ వుంటాయి గాని, పంచుకోవడానికి సర్కారువారి అనుమతి అక్కర్లేదు. ఎవరి వాటాకు వచ్చినా ఎవరికీ ప్రాణభయం లేదు.

ఈ వేళ నేను చెప్పబోయే వస్తువు అలాంటిది కాదు. తుపాకి.

“మా యిళ్లల్లో తుపాకులెక్కడివమ్మా!” అని కొందరు నవ్వుకోవచ్చు. పట్నంలో పుట్టి పెరిగినవాళ్లకు సినిమాలో తప్ప అది కనబడదు, నిజమే. కాని పల్లెటూళ్లలో, అడవుల అంచున వున్న వూళ్లలో, ఒకప్పుడు కరణీకాలూ మునసబీలూ చేసిన కుటుంబాల్లో, పాత జమీందారీ లోగిళ్లలో వెతికితే ఏ గోడ మేకుకో, ఏ బీరువా వెనకో ఒకటి వుంటుంది. దాన్ని కొన్నదీ, భుజాన వేసుకు తిరిగిందీ, దాని కబుర్లు చెప్పిందీ మగవాళ్లే. కాని ఆయన పోయాక ఆ యింట్లో దానితో మిగిలిపోయేది ఎవరు? ఆయన భార్య. దుమ్ము దులిపేది ఎవరు? కోడలు. దాని కింద పడుకుని ఆడుకునేది పసిపిల్లలు. అంచేత ఇది మగవాళ్ల విషయమని మనం వదిలెయ్యడానికి లేదు.

మా అత్తవారిది తూర్పు గోదావరి మన్యం అంచున వున్న వూరు. మామగారికి వాళ్ల నాన్నగారి నుంచి వచ్చిన జంట గొట్టాల తుపాకి ఒకటి వుండేది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో తయారయినదట. మావారి తాతగారు మద్రాసులో కొన్నారు. ఆయన తర్వాత, 1963లో, మామగారి పేర లైసెన్సు మారింది. అప్పటికి మామగారికి 26 ఏళ్లు. లైసెన్సు పుస్తకంలో ఆయన ఫొటో చూస్తే, సన్నని మీసకట్టుతో అచ్చం మా పెద్దవాడే.

ఆ తుపాకితో ఆయన పెద్ద పులులనేం కొట్టలేదు. చెరకుతోటకూ జొన్నచేలకూ పందులు పడేవి. రాత్రిళ్లు మంచె మీద కూచుని కాపలా కాసేవారు. అయిదు బ్యాటరీల టార్చి పట్టుకుని పక్కన కూచునేది కొడుకులు కాదు, కూతురు, అంటే మా ఆడపడుచు. గాలిలోకి ఒక్కటి పేలిస్తే చాలు, పందుల మంద అడవిలోకి వెళ్లిపోయేదట. వదినగారు ఈనాటికీ చెబుతారు: “ఆ మోత కంటే, మోత అయ్యాక నాన్న ‘పడుకోవే, ఇంక రావు’ అనే మాటే నాకు బాగా గుర్తు” అని.

ఇలాంటి తుపాకులు మన యిళ్లకు ఎలా వచ్చాయో కాస్త చెప్పుకుందాం. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లదొరలకు మనవాళ్ల చేతిలో ఆయుధం కనబడితే గుండెల్లో రాయి పడేది. 1878లో లిట్టన్ ప్రభువు వైస్రాయిగా వుండగా ఆయుధాల చట్టం తెచ్చారు. లైసెన్సు లేకుండా మనవాళ్లు ఆయుధం వుంచుకోకూడదు. తెల్లవాళ్లకు మాత్రం మినహాయింపు. మనవాళ్లలో జమీందార్లకూ, బిరుదులున్నవాళ్లకూ, సర్కారుకు నమ్మకమైన వాళ్లకూ దయతో ఇచ్చేవారు. అంటే ఆ రోజుల్లో యింట్లో తుపాకి వుందంటే, ఆ కుటుంబం దొరతనానికి నమ్మకమైనదన్న గుర్తు కూడాను. గోడన తుపాకి వేలాడదీసుకోవడంలో దర్జా అక్కణ్ణుంచే వచ్చింది.

ఈ చట్టం మనవాళ్లను ఎంత నొప్పించిందో చూడండి. అహింసామూర్తి గాంధీగారు 1930 జనవరిలో వైస్రాయి ముందు పెట్టిన పదకొండు కోరికల్లో, ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలన్నది కూడా ఒకటి. అంతకు ముందే మా మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడి తుపాకులు పట్టుకుపోయాడు. అప్పటి జనానికి తుపాకి లేకపోవడమంటే నోరు లేకపోవడంలాంటిదే.

స్వతంత్రం వచ్చాక పాత చట్టం పోయి 1959 ఆయుధాల చట్టం వచ్చింది. 1962 అక్టోబరు 1 నుంచి అమలయింది. పంటరక్షణకని రైతులకు కూడా లైసెన్సులు దొరికాయి. ఆ తర్వాత 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చి వేటను కట్టడి చేసింది. పంటను పాడుచేసే జంతువునైనా అనుమతి లేకుండా కొట్టరాదు. దాంతో పాత తుపాకులు చాలావరకు పని లేనివయ్యాయి. పని పోయింది గాని, వాటి మీద మమకారం పోలేదు. పోకపోగా పెరిగింది. రోలు వాడినన్నాళ్లూ రోలే, మిక్సీ వచ్చాక అది నాయనమ్మగారి రోలు అయింది గదా, అలాగే.

మా మామగారి తుపాకి “పన్నెండు బోరు”. ఈ పన్నెండు ఏమిటని నేను కొత్తకోడలుగా వున్నప్పుడు అడిగితే ఆయన సరదాగా లెక్క చెప్పారు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కొక్క గుండు ఎంత లావు వుంటుందో ఆ గొట్టం లోపలి వెడల్పు అంత. ఇప్పటి కొలతల్లో సుమారు 18.5 మిల్లీమీటర్లు. పదహారు బోరంటే పౌనుకు పదహారు గుండ్లు, అంచేత గొట్టం ఇంకా సన్నం. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుందన్నమాట, మన కుట్టుదారాల నంబర్ల లాగే.

ఇంకో సంగతి. కొన్ని పాత తుపాకుల గొట్టం మీద నీటి అలల్లాగా, పట్టుచీర మీద మెరుపులాగా చారలు కనిపిస్తాయి. వీటిని డమాస్కస్ గొట్టాలంటారు. ఇనుపబద్దీలనూ ఉక్కుబద్దీలనూ కలిపి మెలిపెట్టి, కడ్డీకి చుట్టి, కొలిమిలో అతికి చేసేవారు. బెల్జియంలోని లీజ్ పట్టణం వీటికి పేరుపడ్డది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఈ పద్ధతి దాదాపు ఆగిపోయింది. డమాస్కస్ పేరు అసలు కత్తులది. ఆ కత్తులకు పేరు తెచ్చిన మూసల ఉక్కు మన నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో కూడా తయారయ్యేది, దానికోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. తుపాకి గొట్టాలలో ఆ ఉక్కు వుండదు. చారల పోలికను బట్టి ఆ పేరు అంటుకుందంతే. చూడ్డానికి ఎంత ముచ్చటగా వున్నా ఈ గొట్టాలు పాతకాలపు నల్లమందుకు చేసినవి. ఇప్పటి తూటాల్లోని పొగలేని మందు ఒత్తిడికి గొట్టం పగిలి, పేల్చినవాడి చేతివేళ్లే పోవచ్చు. పైగా పాత తుపాకుల్లో చాలావాటికి తూటా గది 65 మిల్లీమీటర్లే, ఇప్పటి తూటా 70 వుంటుంది. కాబట్టి “తాతగారి తుపాకి పండుగపూట ఒక్కసారి పేల్చి చూద్దాం” అని ఎవరైనా ముచ్చటపడితే, పడనివ్వకండి.

తుపాకిని యింటి మనిషిలాగా చూసుకునేవాళ్లు మన దేశంలో ఎవరంటే కర్ణాటకలోని కొడగు వాళ్లనే చెప్పాలి. అక్కడ మగపిల్లవాడు పుడితే ఒకసారి తుపాకి పేల్చి వూరికి తెలియజేస్తారు. యింట్లో మనిషి పోతే రెండుసార్లు పేలుస్తారు. నాట్లు ముగిశాక, సెప్టెంబరు మొదట్లో “కైల్‌పోద్” అనే పండుగ. కైల్ అంటే ఆయుధం. ఆ రోజున తుపాకుల్ని పూజగదిలో పెట్టి, మన వైపు అడవినాభి అనే పువ్వుతో అలంకరిస్తారు. పూజయ్యాక చెట్టు మీది కొబ్బరికాయను గురి చూసి కొట్టే పోటీలు పెట్టుకుంటారు. 1861లో మార్క్ కబ్బన్ అనే అధికారి, 1857లో తమ పక్షాన వున్నందుకు, ఆయుధాలు లాక్కునే చట్టం నుంచి కొడగువారిని మినహాయించాడు. స్వతంత్రం వచ్చిన తర్వాత కూడా ఆ మినహాయింపు సాగింది. 2019లో కేంద్రప్రభుత్వం దాన్ని మరో పదేళ్లు, అంటే 2029 అక్టోబరు 31 దాకా పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు కూడా అది చెల్లుతుందని చెప్పింది.

వాళ్ల సంగతి వేరు, మన సంగతి వేరు. మనకు మినహాయింపు లేదు. ఇది మరిచిపోయే చాలా కుటుంబాలు చిక్కుల్లో పడుతున్నాయి. మేమూ పడబోయాం.

మామగారు 2021 కార్తీకమాసంలో పోయారు. 84 ఏళ్లు. ఆఖరి యేడాది మతిమరుపు వచ్చింది. తుపాకి ఆయన గదిలో మంచం పక్క మేకుకే వుండేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషనులో అప్పగించి మళ్లీ తెచ్చుకోవడం అలవాటే. ఆ యేడు మొదట్లో పంచాయతీ ఎన్నికలప్పుడు కూడా అలాగే అప్పగించి తెచ్చుకున్నాం. తర్వాత దాని వంక ఎవరం చూడలేదు.

పెదకర్మ అయిన మర్నాడు చుట్టాలంతా ఇంకా యింట్లోనే వున్నారు. బావగారికి ఒక ఆలోచన వచ్చింది. “నాన్నగారి తుపాకి పట్టుకుని అందరం తలా ఒక ఫొటో దిగుదాం” అన్నారు. అందరికీ నచ్చింది. ముందు ఆయన ఆరేళ్ల మనవడికే ఇచ్చారు. వాడు రెండు చేతులా మొయ్యలేక మొయ్యలేక పట్టుకుని, నవ్వుతూ మా వైపు తిప్పాడు. అప్పుడే మావారి మేనమామగారు వచ్చారు. మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. వస్తూనే వాడి చేతిలోంచి తుపాకి లాక్కుని, గొట్టం నేల వైపు పెట్టి, విప్పి చూశారు. ఎడమ గొట్టంలో తూటా వుంది.

ఒక్కరికీ నోట మాట రాలేదు. తర్వాత అత్తగారికి గుర్తొచ్చింది, వేసవిలో కోతులు మామిడిపిందెలు తెంపుతుంటే మామగారు కోపంగా లోపలికి వెళ్లారట. తూటా పెట్టారు, ఎందుకు పెట్టారో మరిచిపోయారు. ఆ తర్వాత ఆ మేకు కింద ఎంతమంది పిల్లలు దొర్లారో! ఆ పన్నెండు రోజులూ దొంగా పోలీసు ఆడింది ఆ గదిలోనే. ఇప్పటికీ ఆ ఫొటో కోసం నిలబడ్డ పసివాడి మొహం తలచుకుంటే నాకు చేతులు చల్లబడతాయి.

అందుకే మొదటి మాటగా చెబుతున్నాను. తుపాకి ఎవరి చేతికి వచ్చినా, అది ఖాళీగా వుందన్న మాట ఎవరు చెప్పినా నమ్మకూడదు. తెలిసినవాళ్లు విప్పి చూసేదాకా అందులో తూటా వుందనే అనుకోవాలి. తెలియని మనం దాని జోలికి పోకూడదు. గొట్టం మనుషుల వైపు తిప్పకూడదు, తిప్పనివ్వకూడదు. తూటాలు ఒకచోట, తుపాకి ఒకచోట, రెండింటికీ తాళాలు, తాళపుచెవులు పెద్దవాళ్ల దగ్గర. మేకుకు వేలాడదీసిన తుపాకి దర్జాగా కనబడుతుందేమో గాని, పిల్లలున్న యింటికి పనికిరాదు.

ఆ మధ్యాహ్నమే మేనమామగారు రెండో పిడుగు వేశారు. “ఇది మీ యింట్లో వుండగూడదు, తెలుసునా?” అన్నారు. లైసెన్సు గడువు ఇంకా వుంది గదా అన్నారు బావగారు. “గడువున్నది నాన్నగారికి. ఆయన లేరుగా” అన్నారాయన.

ఇదే మనవాళ్లకు తెలియని సంగతి. లైసెన్సు మనిషికి ఇస్తారు, యింటికి కాదు. ఆ మనిషి పోయిన తర్వాత ఆ తుపాకి యింట్లో వుంచుకోవడానికి భార్యకు గాని, కొడుకుకు గాని హక్కు లేదు. తుపాకి ఆస్తిగా వారసులదే. కాని దాన్ని దగ్గర పెట్టుకునే హక్కు వేరే సంపాదించుకోవాలి. అందాకా అనవసరమైన ఆలస్యం చెయ్యకుండా దగ్గరి పోలీసు స్టేషనులోనో, లైసెన్సున్న తుపాకుల దుకాణంలోనో అప్పగించాలి. చట్టంలో 21వ సెక్షను చెప్పేది ఇదే. అప్పగించినంత మాత్రాన అది పోయినట్టు కాదు. వారసులు లైసెన్సు తెచ్చుకుంటే తిరిగి తీసుకోవచ్చు, లేదా వుంచుకునే హక్కున్నవాళ్లకు అమ్ముకోవచ్చు. గడువులోగా ఏదీ చెయ్యకపోతేనే సర్కారుపరమవుతుంది. ఇవేమీ చెయ్యకుండా యింట్లో దాచుకుంటే మాత్రం, 2019లో సవరించిన చట్టం ప్రకారం రెండేళ్ల నుంచి అయిదేళ్ల దాకా జైలు, పైన జరిమానా. ఆయన జ్ఞాపకమని దాచుకున్నామంటే చట్టం వినదు.

సరే, మర్నాడే తుపాకీ, తూటాలూ, లైసెన్సు పుస్తకమూ పట్టుకుని మావారూ బావగారూ స్టేషనుకు వెళ్లారు. తూటాలు లెక్కపెట్టి రాయించి, రసీదు తెచ్చుకున్నారు. ఆ రసీదు పారేసుకోకండి, తర్వాత దాని మీదే అంతా నడుస్తుంది. తుపాకి గడప దాటుతుంటే అత్తగారు వాకిట్లో నిలబడి, మనిషిని సాగనంపినట్టు కళ్లొత్తుకున్నారు. “ఆయనే వెళుతున్నట్టుందమ్మా” అన్నారు.

అప్పుడు ఆవిడకు నేను చెప్పిన మాట మీకూ చెబుతాను. పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్లే ముందు ఆయుధాలను ఏం చేశారు? మూటగట్టి జమ్మిచెట్టు మీద దాచారు. ఎవరూ ముట్టకుండా శవాన్ని కట్టి, అది మా తల్లి శవమని పశువుల కాపర్లతో చెప్పారు. గాండీవమంతటి దాన్నే సమయం వచ్చేదాకా చెట్టుకు అప్పగించిన వాళ్లు మనకు పూజ్యులయితే, మనం స్టేషనులో అప్పగించడంలో అవమానమేముంది? అత్తగారు నవ్వారు. పన్నెండు రోజుల తర్వాత అదే మొదటి నవ్వు.

ఇక తుపాకి ఎవరిదన్న మాట. బావగారికి కావాలి, పెద్దకొడుకు గదా. ఆయన వుండేది హైదరాబాదులో, మూడో అంతస్తు ఫ్లాటు. మావారు వద్దన్నారు. ఆడపడుచు ఏమీ అడగలేదు, మౌనంగా కూచున్నారు. ఆడపిల్లకు తుపాకి ఏమిటని ఎవరికీ తోచనే లేదు. అత్తగారికి తోచింది. “టార్చి పట్టుకుంది ఎవర్రా?” అన్నారు. అంతే. బావగారు రెండు రోజులు ముభావంగా వున్నారు. మూడోరోజు తనే వచ్చి, “చెల్లాయికే ఇద్దాం, నేను సంతకం పెడతాను” అన్నారు. ఆ మాట అనడం ఆయనకు తేలిక కాదని మాకు తెలుసు.

చట్టంలో దీనికి అడ్డు లేదు. 2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం వారసులకు లైసెన్సు ఇవ్వడం గురించే. భార్య, కొడుకే కాదు, కూతురు కూడా అడగవచ్చు. మిగతా వారసులు తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. అడిగేవారికి 21 ఏళ్లు నిండాలి. దరఖాస్తు జిల్లా కలెక్టరుగారికి, పోలీసు కమిషనరేటు వున్న నగరాల్లో అయితే కమిషనరుగారికి. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, పాత లైసెన్సు, స్టేషను రసీదు దగ్గర పెట్టుకోవాలి. తుపాకిని జాగ్రత్తగా వాడడం నేర్చుకున్నట్టు శిక్షణ పత్రం, యింట్లో భద్రంగా దాస్తామని హామీ పత్రం కూడా ఇవ్వాలి. పోలీసువారు వచ్చి విచారణ చేస్తారు. వారసులైనంత మాత్రాన ఇచ్చి తీరాలని లేదు, తగినవారని తేలితేనే ఇస్తారు. ఒకరికి రెండు తుపాకులకు మించి వుండకూడదని 2019లో సవరణ చేశారు. అంతకు ముందు మూడు. తాతగారివైనా సరే, ఆ రెండింటిలోకే రావాలి. అదే సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది.

వదినగారు అన్నీ చేశారు. యాభై అయిదేళ్ల వయసులో శిక్షణకు వెళ్లి కూచున్నారు. నెలలు పట్టింది, తిరగని ఆఫీసు లేదు. కాని లైసెన్సు వచ్చింది. ఆవిడ తూటాలు కొనలేదు. ఇనప బీరువాలో తాళం వేసి పెట్టారు.

అన్ని కుటుంబాలకూ ఇది కుదరదు. ఎవరికీ వద్దనుకుంటే, లైసెన్సున్న దుకాణదారుకు అమ్మవచ్చు, లేదా సర్కారుకు అప్పగించెయ్యవచ్చు. కొందరు “పేలకుండా చేసి షోకేసులో పెట్టుకుంటాం” అంటారు. బాగుచేసినా సరే పేలని, బొత్తిగా పాడయిపోయిన పురాతన ఆయుధానికి చట్టంలో 45వ సెక్షను కింద మినహాయింపు వుంది. కాని తుప్పు పట్టిందని, మీట కదలడం లేదని ఆ సంగతి మనకు మనం తేల్చుకోకూడదు. అధికారుల చేత తేల్చించుకోవాలి. వూళ్లో కమ్మరిని పిలిచి గొట్టం కోయించడం అసలే వద్దు. అనుమతి లేకుండా గొట్టం పొట్టి చెయ్యడమే ఒక నేరం. నూరేళ్లు దాటిన వస్తువయితే 1972 పురావస్తువుల చట్టం కూడా వుంది. అమెరికాలో వున్న అబ్బాయికి జ్ఞాపకంగా పంపిద్దామనుకుంటే కుదరదు. ఏ దారీ లేనప్పుడు మ్యూజియం వాళ్లను అడగవచ్చు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూసినవాళ్లకు తెలుసు, ఒకప్పుడు ఏదో యింటి గోడనున్నవే ఇప్పుడు అద్దాల వెనక నిశ్చింతగా వున్నాయి.

యింట్లో లైసెన్సుతో వున్న తుపాకిని చూసుకోవడంలో మన ఆడవాళ్ల పని కొంత వుంది. మా బంధువులావిడ ఒకరు దసరాకు ముందు ఇత్తడి సామాన్లతో పాటు తుపాకి గొట్టాన్ని కూడా చింతపండూ ఇటికపొడీ వేసి తళతళలాడేటట్టు తోమేశారు. ఆ గొట్టం మీది గోధుమరంగు మురికి కాదు, తుప్పు పట్టకుండా వేసిన పూత. అది పోయింది, వానాకాలానికి తుప్పు వచ్చింది. తోమకండి. ఖాళీ చేసి ఇచ్చాక మెత్తని గుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాస్తే చాలు. తోలు సంచిలో నెలల తరబడి వుంచకండి, తోలు చెమ్మ పట్టుకుంటుంది. మహర్నవమినాడు ఆయుధపూజ చేస్తే పసుపూ కుంకుమా పెట్టండి, కాని తడిపూలు రాత్రంతా ఇనుము మీద వుంచకండి. పూజయ్యాక తుడిచెయ్యండి. పెళ్లి వూరేగింపుల్లో గాలిలోకి పేల్చి సంబరపడడం కూడా ఇప్పుడు నేరమే. రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

చివరగా మేము పడిన పశ్చాత్తాపం ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ 25వ నియమంలోనే ఇంకో సంగతి వుంది. లైసెన్సున్నవారికి 70 ఏళ్లు నిండినా, లేక తుపాకి చేతికొచ్చి 25 ఏళ్లయినా, ఏది ముందయితే అది, వారు బతికుండగానే తమకు నచ్చిన వారసుల పేరు చెప్పి లైసెన్సు వారికి ఇప్పించమని కోరవచ్చు. ఈ నియమాలు వచ్చేనాటికి మామగారికి 79. తుపాకి ఆయన చేతికొచ్చి యాభై ఏళ్లు దాటింది. ఆయనే పిలిచి “అమ్మాయీ, ఇది నీది” అని కూతురి చేతికి ఇచ్చి వుండవచ్చు. మతి బాగున్న రోజుల్లోనే ఇచ్చివుంటే ఆ తూటా ఎడమ గొట్టంలోకి వెళ్లేదే కాదు. మాకు తెలియలేదు. ఆయన వుండగా అడిగితే చావు కోరినట్టుంటుందని అడగనూ లేదు.

మీ యింట్లో అలాంటి పెద్దాయన, అలాంటి తుపాకి వుంటే, ఈ దసరాకు ఆయన దాన్ని కిందికి దింపినప్పుడు పక్కన కూచోండి. ఎవరు కొన్నారో, ఎక్కడ కొన్నారో అడిగి రాసిపెట్టుకోండి. లైసెన్సు పుస్తకం ఎక్కడుందో, గడువు ఎప్పటిదాకానో చూడండి. తర్వాత నెమ్మదిగా, “ఇది ఎవరికిద్దామని మీ మనసులో వుంది?” అని అడగండి. పెద్దవాళ్లు కోప్పడరండీ. అడిగేవాళ్లు వున్నారని సంతోషిస్తారు.

లైసెన్సు అప్పగించే ముందు మామగారి పాత పుస్తకానికి జిరాక్సు తీయించుకున్నాం. మూడేళ్లకొక ముద్ర, ముద్ర పక్కన ఆయన సంతకం. మొదట గట్టిగా, పోను పోను వణుకుతూ. మొదటి పేజీని ఫ్రేము కట్టించి బావగారికి ఇచ్చాం. హైదరాబాదు ఫ్లాటులో ఆ పాత ఫొటో తుపాకి వేలాడదలచిన గోడకే వుంది. తూటాల తోలుపట్టీ ఖాళీగా మా పూజగదిలో వుంది. వదినగారి అమ్మాయి మాత్రం, “నాకు ఆ తుపాకి వద్దమ్మా, టార్చి ఇవ్వు చాలు” అంటోందట. వదినగారు ఇంకా ఏమీ అనలేదు. ఆలోచించుకోవడానికి ఆవిడకు ఇంకా వ్యవధి వుంది.